ఇంగ్లిష్ పేరాను సొంత మాటల్లో తిరగరాయడం: తెలుగు మీదుగా వెళ్లే దారి

మొన్న డిగ్రీ చదివే ఒక అమ్మాయి రాసుకొచ్చిన నోట్‌బుక్ చూస్తూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. నేనిచ్చిన పేరాలో రేచర్ల రుద్రుడి గురించి ‘ఎ జనరల్ ఆఫ్ ద కాకతీయ కింగ్’ అని ఉంది. ఆమె దాన్ని ‘ఎ కామన్ ఆఫ్ ద కాకతీయ మోనార్క్’ అని మార్చింది. జనరల్ అనే మాటకు బదులు ఏం వాడొచ్చో ఫోన్‌లో వెతికితే కామన్ అని వచ్చిందట. అంత పెద్ద సేనాని ఆ ఒక్క మాటతో ఎవరూ కాకుండా పోయాడు.

ఆ అమ్మాయికి తెలివి తక్కువై అలా రాయలేదు. పారాఫ్రేజ్ (సొంత మాటల్లో తిరగరాయడం) అంటే మాట తీసి మాట పెట్టడమని ఎవరో నేర్పారు. నాకూ అలాగే నేర్పారు. నర్సంపేట దగ్గరి ఊళ్లో ఇంటర్ దాకా తెలుగు మీడియం చదివి హన్మకొండకు వచ్చాను. పీజీలో నేను రాసిన ప్రాజెక్టు రిపోర్టు సగం పేజీలకు ఎర్ర గీతలతో తిరిగొచ్చింది. ఒక్క వాక్యం కూడా యథాతథంగా దించలేదు, ప్రతి వాక్యంలో నాలుగైదు మాటలు మార్చాను, అయినా కాపీ అన్నారు. ఆ రోజు చాలా బాధపడ్డాను. వాళ్లు అన్నది నిజమేనని అర్థం కావడానికి మాత్రం ఇంకో రెండేండ్లు పట్టింది. మాటలు మార్చాను గానీ వాక్యం నడక మొత్తం పుస్తకం రాసినవాళ్లదే.

ఈ పని ఎందుకు నేర్చుకోవాలో మీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాసేవాళ్లు రైటింగ్‌లో ప్రశ్నను సొంత మాటల్లో చెప్పి జవాబు మొదలుపెట్టాలి. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లిష్ క్వాలిఫయింగ్ పేపరే అయినా అది దాటకపోతే మిగతా పేపర్ల కష్టం వృథా. పీహెచ్‌డీ వాళ్ల సంగతి ఇంకా సూటిగా ఉంది: యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు, 40 దాటితే ఏడాది పాటు తిరిగి సమర్పించే వీలుండదు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది.

నేను చెప్పే పద్ధతిలో అసలు కిటుకు ఒక్కటే. ఇంగ్లిష్ నుంచి ఇంగ్లిష్‌కు నేరుగా వెళ్లకండి. మధ్యలో తెలుగులో ఆగండి. ‘ఇంగ్లిష్‌లోనే ఆలోచించాలి’ అని కోచింగ్‌లలో చెప్తుంటారు. మాట్లాడటానికి అది మంచి సలహానే. ఈ అభ్యాసానికి మాత్రం తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఉన్న బలం తెలుగే అని నా నమ్మకం.

పేరా ఎంచుకోండి

నాలుగు వాక్యాలు చాలు. ఆరు దాటొద్దు. కథ వద్దు, అభిప్రాయం వద్దు. తేదీ, పేరు, కొలత, కారణం ఉన్న సమాచారం కావాలి. మనకు కొంచెం తెలిసిన విషయమైతే ఇంకా మంచిది, భాష మీదే దృష్టి పెట్టొచ్చు. వేయిస్తంభాల గుడి దగ్గరో, ఖిలా వరంగల్‌లోనో కనిపించే ఇంగ్లిష్ బోర్డు ఫోటో తీసుకోండి. ఇంట్లో తమ్ముడో చెల్లెలో సర్కారు బడికి పోతుంటే వాళ్ల పుస్తకం అడగండి. ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు ఉండే ఆ పుస్తకాల కంటే మంచి సామాను నాకు దొరకలేదు.

ఇప్పుడు మనం వాడే పేరా ఇది. ఇంగ్లిష్ వాక్యాలను తెలుగు అక్షరాల్లోనే ఇస్తున్నాను, పైకి చదివితే చెవికి పడతాయి. మీరు నోట్‌బుక్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోండి.

‘వర్క్ ఆన్ ద రామప్ప టెంపుల్ బిగాన్ ఇన్ 1213 అండ్ ఈజ్ థాట్ టు హ్యావ్ గాన్ ఆన్ ఫర్ అబౌట్ 40 ఇయర్స్. ఇట్ వాజ్ బిల్ట్ బై రేచర్ల రుద్ర, ఎ జనరల్ ఆఫ్ ద కాకతీయ కింగ్ గణపతిదేవ. ఇట్స్ టవర్ ఈజ్ మేడ్ ఆఫ్ పోరస్ బ్రిక్స్, లైట్ ఎనఫ్ టు ఫ్లోట్ ఆన్ వాటర్. యునెస్కో యాడెడ్ ఇట్ టు ఇట్స్ వరల్డ్ హెరిటేజ్ లిస్ట్ ఇన్ 2021.’

చదవండి, లెక్కపెట్టండి

రెండుసార్లు చదవండి. మొదటిసారి ఊరికే. రెండోసారి ఇందులో ఎన్ని విషయాలున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టండి. వాక్యాలు నాలుగే, విషయాలు మాత్రం ఏడు. పని 1213లో మొదలైంది. సుమారు 40 ఏండ్లు నడిచిందని అనుకుంటున్నారు. కట్టించింది రేచర్ల రుద్రుడు. ఆయన కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని. శిఖరం ఇటుకల్లో సన్నసన్న రంధ్రాలున్నాయి. అవి నీళ్లలో తేలేంత తేలిక. యునెస్కో జాబితాలో చేరింది 2021లో. నోట్‌బుక్ పైన మూలకు 7 అని రాసి సున్నా చుట్టండి. చివర్లో ఆ అంకెతో పనుంది.

మూసేసి, ఇంట్లో చెప్పినట్టు చెప్పండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. ఎక్కువమంది దాటేసేదీ దీన్నే.

పుస్తకం మూసేయండి. ఫోన్ బోర్లా పెట్టండి. ఇప్పుడు ఆ సంగతి మీ అమ్మకో, నానమ్మకో చెప్తున్నట్టు పైకి చెప్పండి. పాఠ్యపుస్తకం తెలుగు వద్దు. మీరు ఇంట్లో ఎట్ల మాట్లాడతారో అట్లనే. సిగ్గుగా ఉంటే ఫోన్‌లో రికార్డు పెట్టుకుని ఒక్కరే చెప్పుకోండి. నేనైతే ఇట్లా చెప్తాను:

‘పాలంపేటల రామప్ప గుడి ఉన్నది గదమ్మా, అది రేచర్ల రుద్రుడు కట్టించిండు. గణపతిదేవుని దగ్గర సేనాని ఆయన. 1213ల పని మొదలైంది. ఒక నలభై ఏండ్లు నడిచిందంటరు. శిఖరానికి పెట్టిన ఇటుకలు నీళ్లల్ల ఏస్తె మునగయి, తేల్తయి. 2021ల యునెస్కోవాళ్లు దాన్ని జాబితాల పెట్టిన్రు.’

ఇక్కడ ఏం జరిగిందో నిదానంగా చూడండి. ఇంగ్లిష్ పేరా పనితో, తేదీతో మొదలైంది. నేను మనిషితో మొదలుపెట్టాను. అమ్మకు చెప్పేటప్పుడు ఎవరు కట్టించారన్నదే ముందు నోట్లోకి వస్తుంది కాబట్టి. పైగా మన వాక్యంలో క్రియ చివరికి వస్తుంది, ఇంగ్లిష్‌లో మధ్యలో ఉంటుంది. అంటే ఒక్కసారి తెలుగులోకి రాగానే ఆ ఇంగ్లిష్ వాక్యం ఎముకల గూడు దానంతటదే విడిపోయింది. డిక్షనరీ పట్టుకుని గంటసేపు కుస్తీ పట్టినా జరగని పని ఇది.

ఇంకో రెండు లాభాలున్నాయి. ‘బిల్ట్ బై’ అన్నచోట నా నోట ‘కట్టిండు’ రాలేదు, ‘కట్టించిండు’ వచ్చింది. సేనాని తాపీ పట్టుకుని రాళ్లు పేర్చడు కదా. ఇంగ్లిష్‌లో ఆ తేడా కనబడకుండా ఉంది, తెలుగు దాన్ని పైకి తెచ్చింది. రెండోది ‘అంటరు’. ‘మొదలైంది’ అని ఖాయంగా చెప్పాను, ‘నడిచిందంటరు’ అని కొంచెం వెనక్కి తగ్గి చెప్పాను. అసలు పేరాలో కూడా అంతే: 1213 దగ్గర అనుమానం లేదు, 40 ఏండ్ల దగ్గర ‘ఈజ్ థాట్’ అని ఉంది. ఇంగ్లిష్‌లో ఆ రెండు చిన్న మాటలు కంటి ముందు నుంచే జారిపోతాయి. ‘అంటరు’, ‘అట’, ‘కావచ్చు’ మాత్రం మన నోటికి అలవాటైన మాటలు. పేరా చదివేటప్పుడు ‘ఇక్కడ నేను అట పెట్టాలా, వద్దా’ అని ప్రతి వాక్యం దగ్గరా మిమ్మల్ని మీరే అడగండి. ఇంగ్లిష్ సమాచారాన్ని సరిగ్గా చదవడానికి ఇంతకంటే పదునైన ప్రశ్న నాకు తెలియదు.

తెలుగులో చెప్పలేక నీళ్లు నమిలారనుకోండి, ఆ పేరా మీకు అర్థం కాలేదని తేలినట్టే. మళ్లీ తెరిచి చదవండి. అర్థం కాని పేరాను తిరగరాయాలని కూర్చుంటేనే జనరల్ కాస్తా కామన్ అవుతాడు.

తెలుగు నుంచి ఇంగ్లిష్‌కు

ఇప్పుడు కూడా పుస్తకం తెరవొద్దు. మీరు తెలుగులో చెప్పినదాన్ని ఇంగ్లిష్‌లో రాయండి. తప్పులు పడనీయండి. స్పెల్లింగ్ గురించి టెన్షన్ వద్దు. వచ్చిన మాటలతోనే రాయండి, పెద్ద పెద్ద పదాల కోసం వెతకొద్దు. మొదటి రాతలో ఇలాంటిది వస్తుంది:

‘రేచర్ల రుద్ర బిల్ట్ రామప్ప టెంపుల్ ఇన్ పాలంపేట. హీ వాజ్ జనరల్ అండర్ గణపతిదేవ. వర్క్ స్టార్టెడ్ ఇన్ 1213 అండ్ ఇట్ టుక్ 40 ఇయర్స్. ఇట్స్ బ్రిక్స్ ఫ్లోట్ ఆన్ వాటర్. సిన్స్ 2021 ఇట్ ఈజ్ ఇన్ వరల్డ్ హెరిటేజ్ లిస్ట్.’

నిరాశ పడకండి. ఇందులో తప్పులు చాలా ఉన్నాయి, కానీ ఈ వాక్యాల నడక మీది. చట్రం నిలబడింది, ఇక చెక్కడమే.

పెన్సిల్ పట్టుకుని సరిచూడండి

ఇప్పుడు అసలు పేరా తెరవండి. రెండూ పక్కపక్కన పెట్టి మూడు చూపులు చూడాలి. మూడూ ఒకేసారి చూడబోతే ఏదీ కనబడదు.

మొదటి చూపు సమాచారం కోసం. పైన సున్నా చుట్టిన 7 గుర్తుందిగా, ఒక్కొక్కటీ వెతకండి. ‘ఈజ్ థాట్’ పోయింది, ‘అబౌట్’ పోయింది. అంటే సుమారుగా అనుకుంటున్న సంగతి కచ్చితమైన లెక్కగా మారింది. కాకతీయ అన్న మాట లేదు. ఇటుకల్లో రంధ్రాల సంగతి లేదు. తేలేవి శిఖరం ఇటుకలని అసలు పేరా చెప్పింది, ఇక్కడ గుడి మొత్తానికి అంటగట్టాం. యునెస్కో పేరు మాయమైంది. లేనిది ఒకటి వచ్చి చేరింది: పాలంపేట. అది నిజమే. ములుగు జిల్లా పాలంపేటలోనే ఆ గుడి ఉంది. కానీ ఇచ్చిన పేరాలో ఆ మాట లేదు. మన ప్రాంతం గురించి రాసేటప్పుడు ఈ పొరపాటు మనకే ఎక్కువ జరుగుతుంది, తెలిసిన సంగతి ఆపుకోలేం. పారాఫ్రేజ్‌లో మన జ్ఞానం కలపకూడదు, ఉన్నది తగ్గించకూడదు. పొడవు కూడా దాదాపు అంతే ఉండాలి. మూడో వంతుకు కుదిస్తే అది ప్రెసీ అవుతుంది, వేరే పని.

రెండో చూపు పోలిక కోసం. అసలు పేరాలో వరుసగా ఉన్న నాలుగు మాటలు మీ రాతలోనూ అదే వరుసలో ఉంటే పెన్సిల్‌తో గీత గీయండి. ఇది నేను పెట్టుకున్న లెక్క, ఏ రూల్‌బుక్‌లోనూ ఉండదు, కానీ బాగా పనిచేస్తుంది. పేర్లకు ఇది వర్తించదు. మన రాతలో ‘ఫ్లోట్ ఆన్ వాటర్’ మూడు మాటలు దొరికాయి, కాబట్టి ప్రమాదం లేదు, మార్చగలిగితే ఇంకా మంచిది. తేలడం అంటే మునగకపోవడమే కదా. నోటితో చెప్పినప్పుడు ‘మునగయి’ అన్నాం, రాసేటప్పుడు మర్చిపోయాం. తెలుగులో మీరు వాడిన మాట వైపు మళ్లీ చూస్తే దారి అక్కడే ఉంటుంది.

మూడో చూపు తెలుగు వాసన కోసం. తెలుగు మీదుగా వచ్చినందుకు కట్టాల్సిన సుంకం ఇది. మనకు ‘ఎ’, ‘ద’ లాంటివి లేవు, కాబట్టి ‘రామప్ప టెంపుల్’ ముందు ‘ద’, ‘జనరల్’ ముందు ‘ఎ’ పడిపోయాయి. అంతకంటే పెద్దది చివరి వాక్యం. ‘2021 నుంచి జాబితాలో ఉంది’ అని మనం వర్తమానంలో అంటాం, అందుకే ‘సిన్స్ 2021 ఇట్ ఈజ్’ అని చేయి పోతుంది. ఇంగ్లిష్‌లో అప్పుడు మొదలై ఇప్పటికీ ఉన్నదానికి ‘హ్యాజ్ బీన్’ రావాలి. సిన్స్ కనబడగానే ‘ఈజ్’ మీద అనుమానపడండి. ఈ ఒక్క తప్పు మానుకుంటేనే రాత సగం తేటపడుతుందని చాలామంది విషయంలో చూశాను.

ఇవన్నీ సరిచేస్తే పేరా ఇలా తేలుతుంది:

‘రేచర్ల రుద్ర, హూ సర్వ్‌డ్ ద కాకతీయ కింగ్ గణపతిదేవ యాజ్ ఎ జనరల్, హ్యాడ్ ద రామప్ప టెంపుల్ బిల్ట్. ఇట్స్ కన్‌స్ట్రక్షన్, విచ్ స్టార్టెడ్ ఇన్ 1213, ఈజ్ బిలీవ్డ్ టు హ్యావ్ టేకెన్ సమ్ 40 ఇయర్స్. ద బ్రిక్స్ ఇన్ ద టవర్ ఆర్ సో పోరస్ అండ్ లైట్ దట్ దే డూ నాట్ సింక్ ఇన్ వాటర్. ద టెంపుల్ హ్యాజ్ బీన్ ఆన్ యునెస్కోస్ వరల్డ్ హెరిటేజ్ లిస్ట్ సిన్స్ 2021.’

‘హ్యాడ్ ... బిల్ట్’ గమనించారా? అది మన ‘కట్టించిండు’. ‘ఈజ్ బిలీవ్డ్’ మన ‘అంటరు’. జనరల్ జనరల్‌గానే ఉన్నాడు.

ముట్టుకోకూడని మాటలు

పేర్లు, ఏండ్లు, అంకెలు, శాస్త్రపదాలు మార్చొద్దు. వేయిస్తంభాల గుడిని ఇంగ్లిష్‌లో ‘థౌజండ్ పిల్లర్ టెంపుల్’ అంటారు, దాన్ని ‘థౌజండ్ కాలమ్ ష్రైన్’ అని రాసినవాళ్లను చూశాను. అది ఆ గుడి పేరు, పేరుకు పర్యాయపదం ఉండదు. అలాగే కాకతీయ రాజు రుద్రదేవుడు ఆ గుడిని 1163లో కట్టించాడని ఉంటే ‘12వ శతాబ్దంలో’ అని రాసి మార్చామనుకోవద్దు. ఏడాదిని వదిలేసి శతాబ్దం చెప్తే సమాచారం పలచబడింది.

అంకెల చుట్టూ ఉండే మాటలతో ఇంకా జాగ్రత్త. మేడారం సమ్మక్క సారలమ్మ జాతర గురించి ‘హెల్డ్ వన్స్ ఇన్ టూ ఇయర్స్’ అని ఉంటే దాన్ని ఒక్క మాటలో చెప్పాలనిపిస్తుంది. ఆ మాట ‘బైఎన్నియల్’. దానికి కవలలా కనిపించే ‘బైఆన్యువల్’ ఒకటుంది, దానర్థం ఏడాదికి రెండుసార్లు. రెండక్షరాల తేడాతో రెండేండ్లకోసారి వచ్చే తల్లులు ఆరు నెలలకోసారి వస్తారు. ఇట్లాంటి చోట ‘ఎవ్రీ టూ ఇయర్స్’ అని సాదాగా రాయడమే మేలు. తెలియని మాట కంటే తెలిసిన మూడు మాటలు నయం.

కారణం చెప్పే వాక్యాలు మాత్రం ధైర్యంగా తిప్పండి, అక్కడ చోటు బాగా ఉంటుంది. ‘కాళోజీ పుట్టింది సెప్టెంబర్ 9న, అందుకని ఆ రోజు తెలంగాణ భాషా దినోత్సవం’ అన్నదాన్ని ‘సెప్టెంబర్ 9న భాషా దినోత్సవం జరిపేది అది కాళోజీ పుట్టినరోజు కాబట్టి’ అనొచ్చు. ‘సో’తో చెప్పింది ‘బికాజ్’తో, ‘బికాజ్’తో చెప్పింది ‘సో’తో. ముందుది వెనక్కి పోతుంది, కారణం మాత్రం కారణంగానే ఉంటుంది. తిప్పాక ఏది కారణమో, ఏది ఫలితమో తారుమారు కాలేదని ఒకసారి తెలుగులో చెప్పి చూసుకోండి.

రోజుకు ఎంత?

ఇరవై నిమిషాలు, ఒక్క పేరా. కాజీపేట నుంచి రైల్లో పోయి వచ్చేవాళ్లైతే నోటితో చెప్పే భాగం ప్రయాణంలోనే అయిపోతుంది, రాత ఇంటికొచ్చాక. ఎడమ పేజీలో అసలు పేరా, కుడి పేజీలో మీది. మధ్యలో తెలుగులో చెప్పింది రాయనక్కర్లేదు, చెప్తే చాలు. మర్నాడు కొత్త పేరా మొదలుపెట్టే ముందు నిన్నటి కుడి పేజీ మాత్రమే చదవండి. అసలు పేరా చూడకుండానే విషయం పూర్తిగా తెలిస్తే రాత నిలబడింది. తెలియకపోతే ఎక్కడ తట్టుకున్నారో అక్కడ ఒక చుక్క పెట్టండి.

వారానికోసారి స్నేహితులతో నోట్‌బుక్‌లు మార్చుకోండి. మీ కుడి పేజీ చదివి వాళ్లు తెలుగులో చెప్పాలి. వాళ్లు చెప్పింది, మీరు మొదట చెప్పింది ఒకటే అయితే ఇంగ్లిష్ మధ్యలో ఏమీ ఒలకబోయలేదన్నమాట. మా దగ్గరికి వచ్చే పిల్లలు ఈ ఆట బాగా ఇష్టపడతారు, ఎందుకంటే ఇందులో ఎవరి గ్రామర్ గొప్పదన్న పోటీ ఉండదు.

తిరగరాసి ఇచ్చే యాప్‌లు ఫోన్లలో చాలా వచ్చాయి. నేర్చుకునే రోజుల్లో వాటి జోలికి పోవద్దని గట్టిగా చెప్తాను. పేరా మారుతుంది గానీ మీరు మారరు, పరీక్ష హాల్లో కూర్చునేది మీరు. ఇంకో మాట: ప్రాజెక్టులోనో థీసిస్‌లోనో వాడేటప్పుడు సొంత మాటల్లో ఎంత బాగా రాసినా, ఆ సమాచారం ఎక్కడిదో చెప్పాల్సిందే. మాటలే మీవి, విషయం కనిపెట్టింది వేరేవాళ్లు.

ఇక ఈ రోజుకు మీ పేరా ఇది. రెండే వాక్యాలు, చాలా సులువుగా కనబడతాయి.

‘జవహర్‌లాల్ నెహ్రూ లెయిడ్ ద ఫౌండేషన్ స్టోన్ ఆఫ్ ద రీజినల్ ఇంజినీరింగ్ కాలేజ్, వరంగల్, ఇన్ అక్టోబర్ 1959. ద కాలేజ్ బికేమ్ ద నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, వరంగల్, ఇన్ 2002.’

మూసేసి అమ్మకు చెప్పండి, తర్వాత రాయండి. రాశాక మీ వాక్యంలో నెహ్రూ పునాదిరాయి వేసింది దేనికో చూడండి. ఎన్ఐటీకి అని ఉంటే మళ్లీ తెరవండి.